దూరపు కొండలు, దగ్గరి పొలాలు

దూరపు కొండలు నునుపు అన్న సామెత తెలుగువారికి ఉగ్గుపాలతో వచ్చింది. వందల కిలోమీటర్ల ఎత్తునుండి భూమిని చూసే రిమోట్ సెన్సింగ్ శాస్త్రానికి ఇంతకన్న మంచి హెచ్చరిక లేదు. ఉపగ్రహ చిత్రంలో ప్రతి పొలమూ, ప్రతి చెరువూ చూడముచ్చటగా ఉంటుంది. ఎత్తుపల్లాలు దగ్గరకు వెళ్ళినవారికే తెలుస్తాయి. ఈ విద్యను ఇంటర్నెట్ ద్వారా బోధించదలచిన విశ్వవిద్యాలయాలు పాఠ్యక్రమాన్ని రూపొందించేటప్పుడు మరువకూడనిది ఇదే. విద్యార్థిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టడం సులభం. అక్కడినుండి లేపి పొలానికి పంపడం కష్టం. ఆ కష్టమైన పనే పాఠ్యక్రమానికి ప్రాణం కావాలి.

శాస్త్రానికి మూలసూత్రం క్లిష్టమైనదేమీ కాదు. ఏ పదార్థమైనా తనపై పడిన వెలుతురులో కొంత పీల్చుకొని కొంత వెనుకకు పంపుతుంది. పచ్చని ఆకులోని పత్రహరితం ఎరుపు కాంతిని పీల్చుకుంటుంది. కంటికి కనిపించని పరారుణ కాంతిని మాత్రం ఆకు లోపలి కణ నిర్మాణం చాలవరకు వెనుకకు పంపుతుంది. నీరు ఆ పరారుణ కాంతిని దాదాపు పూర్తిగా మింగివేస్తుంది. కనుక పరారుణ చిత్రంలో పైరు మెరుస్తుంది, చెరువు నల్లబడుతుంది. 1970 ప్రాంతంలో ఆచార్య పిషారోటి నాయకత్వాన కేరళ కొబ్బరితోటలను హెలికాప్టర్ నుండి పరారుణ ఫిల్ముపై చిత్రించి, తెగులు సోకిన చెట్లను గుర్తించే ప్రయత్నం జరిగింది. భారతదేశంలో ఈ విద్యకు నాంది పలికిన ప్రయోగాలలో అది ముఖ్యమైనది.

ఆనాడు చిత్రం దొరకడమే గగనం. 1972లో అమెరికా తొలి లాండ్‌శాట్‌ను, 1988లో భారతదేశం ఐఆర్‌ఎస్-1ఎను ప్రయోగించాయి. హైదరాబాదుకు చేరువలోని షాద్‌నగర్ కేంద్రం ఉపగ్రహ సంకేతాలను అందుకొంటూ వచ్చింది. అయినా చిత్రాలకు చెల్లించవలసిన మూల్యం సామాన్య కళాశాలలకు అందుబాటులో ఉండేది కాదు. 2008లో లాండ్‌శాట్ భాండాగారాన్ని ఉచితంగా తెరవడంతో పరిస్థితి తారుమారైంది. ఐరోపావారి సెంటినెల్ చిత్రాలు కూడా నేడు ఉచితమే. డెహ్రాడూన్‌లోని భారతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ 2007 నుండే దూరవిద్యా పాఠాలు నడుపుతున్నది. ఇక కొరత చిత్రాలది కాదు, వాటిని శంకించే అలవాటుది.

ఇందుకు కొల్లేరే సాక్ష్యం. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ సరస్సును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో దానిలోని చేపలచెరువుల గట్లను ప్రభుత్వం కొట్టించింది. ఎంతమేర సరస్సు, ఎంతమేర చెరువు అన్నది అక్కడ పక్షులకూ మనుషులకూ బతుకు సమస్య. గుర్రపుడెక్క కమ్ముకొన్న సరస్సు ఉపగ్రహానికి పచ్చని పైరువలె కనిపించవచ్చు. అప్పుడే నాట్లు వేసిన వరిమడి నిండా నీళ్ళుండటంచేత చెరువని భ్రమ కలిగించవచ్చు. వేర్వేరు నెలల చిత్రాలను పోల్చి చూస్తే సందేహం కొంత తీరుతుంది. మిగిలినది తీరాలంటే గట్టుమీద నిలబడి చూడవలసిందే.

చిత్రంలోని అతిచిన్న చుక్క ఎంత నేలకు ప్రతినిధి అన్నదీ విద్యార్థికి తెలియాలి. లాండ్‌శాట్ చిత్రంలో సాధారణంగా ఒక చుక్క పొడవు వెడల్పులు 30 మీటర్లు, అంటే సుమారు 22 సెంట్ల భూమి. పది సెంట్ల కూరగాయల మడి ఆ చుక్కలో తన రంగును కోల్పోతుంది. చిన్నకమతాల రైతు పంట ఈ విధంగానే పటంనుండి మాయమవుతుంది.

శాతాలు కూడా మోసపుచ్చగలవు. వెయ్యి ఎకరాల ప్రాంతంలో సరస్సు 50 ఎకరాలే అనుకొందాం. కంప్యూటర్ ఆ సరస్సును పూర్తిగా విస్మరించి, తక్కినదంతా సరిగా గుర్తించినా ఫలితం 95 శాతం ఒప్పే! వెదకబోయిన వస్తువే దొరకని పటానికి 95 మార్కులు. తెలిసిన నమూనాతో సరిచూడని పరికరం చూపే అంకెను రసాయన ప్రయోగశాలలో ఎవరూ విశ్వసించరు. పటం విషయంలోనూ అంతటి నిష్ఠ అవసరం.

కనుక పాఠ్యక్రమం ఇలా ఉండటం మేలు. మొదటి రెండు వారాలు సాఫ్ట్‌వేర్ జోలికి పోకుండా ఆకు, నేల, నీరు, కాంతి గురించే చెప్పాలి. తరువాత ప్రతి విద్యార్థికీ తాను నివసించే చోటి చిత్రమే ఇవ్వాలి. అతడు పటం తయారుచేసి, ముప్పై చోట్లకు స్వయంగా వెళ్ళి, అక్కడ ఉన్నదేమిటో వ్రాసుకొని, ఫొటో తీసి, పటంతో సరిపోల్చాలి. మార్కులు పటం అందానికి కాదు, తప్పు ఎందుకు వచ్చిందో వివరించినందుకు ఇవ్వాలి. ఒకే ఊరి తరగతిగదిలో ఇది ఒకే నేలకు పరిమితమవుతుంది. ఇంటర్నెట్ తరగతిలో ఏలూరు వరిచేలు, అనంతపురం మెట్టభూములు, టెక్సాస్ పచ్చికబయళ్ళు పక్కపక్కనే నిలుస్తాయి. విద్యార్థులు చెల్లాచెదరుగా ఉండటం లోపమని భావించేవారు ఈ లాభాన్ని గమనించడం లేదు.

వందలమంది క్షేత్ర పరిశీలనను ఒక ఆచార్యుడు దిద్దగలడా అన్న ప్రశ్న సహేతుకమైనదే. విద్యార్థులు ఒకరి పనిని మరొకరు పరిశీలించి, ఆచార్యుడు కొన్నింటిని మాత్రమే తనిఖీ చేసే పద్ధతి ఉంది. దూరం వెళ్ళలేనివారికి వీధిచివరి చెట్లు, పెరటి మట్టి చాలు. ఇంటర్నెట్ వేగం తక్కువైన పల్లె విద్యార్థికి పూర్తి చిత్రానికి బదులు చిన్న ముక్క కత్తిరించి పంపవచ్చు. ఇన్ని సవరణలకు సిద్ధపడని సంస్థ విక్రయించేది పట్టా మాత్రమే.

ప్రవాసాంధ్ర కుటుంబాలకు ఇందులో ప్రత్యేకమైన పాత్ర ఉంది. విదేశాలలో పుట్టిన పిల్లలు తాతగారి ఊరిని నేడు కంప్యూటర్ తెరపై చూడగలుగుతున్నారు. అక్కడ కనిపించే పచ్చని చుక్క వరా, చెరుకా, గుర్రపుడెక్కా అన్నది వారికి తెలియదు. ఊళ్ళో ఉన్న పెదనాన్నకు తెలుసు. విద్యార్థి వేతనాలిచ్చే తెలుగు సంఘాలు ఇక్కడి విద్యార్థినీ, స్వగ్రామం దగ్గరి కళాశాల విద్యార్థినీ ఒక జంటగా చేర్చి, ఒకరి పటాన్ని మరొకరు నేలపై సరిచూసే ఏర్పాటు చేయగలిగితే, అది ఇద్దరికీ చదువవుతుంది. ఆ పెదనాన్నను అడిగి తెలుసుకొనే పనిని పాఠంలో భాగం చేయడానికి ఖర్చు కూడా పెద్దగా కాదు.