టీబీ రోగికే కాదు, ఇంటిల్లిపాదికీ తిండి అందాలి

క్షయ క్రిమి ఒంట్లో చేరిందో లేదో తెలుసుకోవడానికి ముంజేతి చర్మంలోకి ట్యూబర్‌క్యులిన్ సూది వేస్తారు. వేసిన పూట పెద్దగా ఏమీ తెలియదు. క్రిమి అదివరకే చేరినవారికి రెండు మూడు రోజులకు అక్కడ చర్మం ఎర్రబడి గట్టిపడుతుంది. నర్సు స్కేలు పెట్టి కొలిచేది ఎరుపును కాదు, వేలికి తగిలే ఆ గట్టిదనాన్ని. అక్కడ పోగైనవి ఆ క్రిమిని ఇదివరకే ఎరిగిన టి-కణాలు, అవి పిలిస్తే వచ్చిన మాక్రోఫేజ్‌లనే భక్షక కణాలు. కంటికి కనబడని రోగనిరోధక వ్యవస్థ వేలికి తగిలే చోటు అది. ఆ కణాలకు బలం ‘ఇమ్యూనిటీ’ పొడుల నుంచి రాదు, కడుపు నిండా తినే తిండి నుంచి వస్తుంది. ఆ తిండిని టీబీ రోగితో పాటు ఆ ఇంట్లో ఉన్న అందరికీ ప్రభుత్వమే చేర్చాలన్నది నా వాదన.

దగ్గు తుంపరతో ఊపిరితిత్తుల్లోకి దిగిన క్షయ క్రిమిని మాక్రోఫేజ్ మింగుతుంది. చాలా క్రిములు అక్కడితో చస్తాయి. ఇది చావదు, మింగిన కణంలోనే కాపురం పెడుతుంది. కణం లోపల దాక్కున్న దాన్ని పట్టుకోవడం బి-కణాలు తయారుచేసే యాంటీబాడీలకు కష్టం. క్రిమి తునకల్ని డెండ్రైటిక్ కణాలు లింఫు గ్రంథికి మోసుకెళ్లి చూపిస్తే, వాటికి సరిపడే టి-కణాలు కొన్ని వారాల్లో లక్షలుగా పెరిగి ఊపిరితిత్తులకు చేరతాయి. అవి విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్-గామాతో మాక్రోఫేజ్‌కి పదును వస్తుంది. చివరికి కణాలన్నీ క్రిమి చుట్టూ గడ్డకట్టి దాన్ని బంధిస్తాయి. అందుకే క్రిమి చేరినవారిలో జీవితకాలంలో జబ్బు పడేది 5 నుంచి 10 శాతమే. ఆ కట్టడి ఎప్పుడు సడలుతుందో వైద్యులకు తెలుసు: హెచ్‌ఐవీ టి-కణాల్ని తినేసినప్పుడు, షుగరు అదుపు తప్పినప్పుడు, అన్నిటికంటే ఎక్కువగా మన దేశంలో తిండి చాలనప్పుడు. కొత్త కణాలు పుట్టాలంటే మాంసకృత్తులు కావాలి కదా. రోగనిరోధక శక్తిని ఊరికే ‘పెంచడం’ కూడా మంచిది కాదు. టీబీలో ఊపిరితిత్తులకు గుంతలు పడేది చాలావరకు మన కణాల ఉధృతి వల్లే.

మరి టీకా ఉంది కదా అనవచ్చు. ఈ ప్రశ్నకు జవాబు వెదికిన చోటు మనకు దగ్గర్లోనే ఉంది. ఉమ్మడి చిత్తూరు జిల్లా మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ ఆధ్వర్యంలో క్షయ శానిటోరియం మొదలైంది. 1950ల్లో ఆ చుట్టుపక్కల పల్లెల్లో కొందరికి బీసీజీ టీకా వేసి, కొందరికి వేయకుండా ఏళ్ల తరబడి గమనించారు. తర్వాత 1968లో పక్కనే తమిళనాడు చెంగల్పట్టు జిల్లాలో సుమారు 2,60,000 మందితో మరింత పెద్ద పరీక్ష మొదలైంది. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయను బీసీజీ ఆపలేదని అది తేల్చింది. పసిపిల్లల్ని మెదడు పొరల క్షయ నుంచి కాపాడుతుంది కాబట్టి బీసీజీ వేయించాల్సిందే. కానీ ఇంటి పెద్దలకు అది కవచం కాదు.

తిండి ఆ లోటును ఎంతవరకు పూడుస్తుందో జార్ఖండ్‌లో జరిగిన ‘రేషన్స్’ అనే పరీక్ష చూపించింది. 2023లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఆ ఫలితాలు పదివేలకు పైగా కుటుంబ సభ్యులకు సంబంధించినవి. రోగులందరికీ పోషకాహారం ఇచ్చారు. సగం ప్రాంతాల్లో ఇంటివారికి కూడా, పెద్దలకైతే మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ బిళ్లలు ఇచ్చారు. ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. ఏ పొడి డబ్బా మీదా ఇలాంటి రుజువు లేదు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. 1956లో మద్రాసు టీబీ కీమోథెరపీ కేంద్రం మొదలుపెట్టిన అధ్యయనంలో శానిటోరియంలో మంచి తిండి, విశ్రాంతితో ఉన్నవారూ, ఇరుకిళ్లలో అరకొర తిండితో మందులు వాడినవారూ దాదాపు ఒకేలా కోలుకున్నారు. తిండిది పెద్ద పాత్ర కాదని అప్పట్నుంచీ చాలామంది అనుకుంటున్నారు. కానీ ఆ అధ్యయనం అడిగింది రోగి నయమవుతాడా అని. రోగి ఒంట్లో క్రిమిని చంపడానికి మందులున్నాయి. ఇంకా జబ్బుపడని భార్యకో, తల్లికో అండగా ఉన్నవి వాళ్ల సొంత కణాలే, వాటికి కావాల్సింది తిండి. ముందుజాగ్రత్త మాత్రలు ఇస్తున్నారు, ఇవ్వాలి కూడా. అవి తిండికి బదులు కావు. మాత్రల కోర్సు కొన్ని నెలల్లో ముగిసిపోతుంది, ఆకలి ముగియదు.

ఖర్చు సంగతి వస్తుంది. నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు రోగి ఖాతాలో పడుతున్నాయి. మంచి పథకం. అయితే నలుగురున్న ఇంట్లో ఆ డబ్బు రోగి ఒక్కడి తిండికే సరిపోదు. బియ్యం రేషన్ షాపులో వస్తోంది, తక్కువపడేది పప్పూ గుడ్డూ. రాగిసంగటిలోకి పలచని చారు తప్ప మరేదీ లేని ఇల్లు చిత్తూరు పడమటి మండలాల్లో కరువు ఏడాది అరుదు కాదు. వేరుసెనగ, ఉలవలు, కందులు ఈ నేల మీదే పండుతాయి. వాటిని స్థానికంగా కొని, గర్భిణులకు గుడ్లు, పాలు ఇస్తున్న అంగన్‌వాడీల ద్వారానే ఆరు నెలల పాటు ఇవ్వవచ్చు. కొత్త కార్యాలయం, కొత్త సిబ్బంది అక్కర్లేదు. ఒకరికి టీబీ తేలగానే ఇంట్లో మిగతావారిని పరీక్షించడానికి ఆరోగ్య సిబ్బంది ఆ గడప తొక్కాల్సిందే. ఎవరి బరువెంతో అప్పుడే తూచి, రాసుకున్న పేర్లనే పప్పు, గుడ్ల జాబితాలోనూ చేర్చాలి.