ఇప్పపూల వేళ హాకీ కర్ర

విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలో 30వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే కొత్తగూడెం, భద్రాచలం, చింతూరు దాటాక కుంట దగ్గర ఛత్తీస్‌గఢ్ మొదలవుతుంది. సుక్మా, జగదల్‌పూర్ మీదుగా అదే రోడ్డు కొండగావ్ చేరుతుంది. ఏటా సంక్రాంతి దాటాక బస్తర్ ఆదివాసీలు ఈ దారినా, అడవి దారులనా గుంపులుగా తెలంగాణలోకి దిగుతారు. మిరప తోటల్లో కాయ ఏరడానికి. ఆ గుంపుల్లో బడి ఈడు ఆడపిల్లలూ ఉంటారు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ ములుగు జిల్లా మిరప చేల నుంచి బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి కాలినడకన బయల్దేరిన 12 ఏళ్ల బాలిక ఇల్లు చేరకుండానే దారిలో ప్రాణం విడిచింది. దేశమంతా ఆ వార్త చదివింది. అయితే ఆ వయసు పిల్ల ఆ నెలలో బడిలో కాకుండా చేలో ఎందుకుందన్న ప్రశ్న మాత్రం లాక్‌డౌన్‌తో పాటే మరుగున పడింది.

జవాబు కష్టమైనదేమీ కాదు. బస్తర్ ఆడపిల్లకు ఏడాది పొడవునా సీజన్లే. జనవరి నుంచి మార్చి దాకా మిరప. మార్చి, ఏప్రిల్‌లలో తెల్లవారకముందే లేచి చెట్ల కింద ఇప్పపూలు ఏరాలి. ఆ వెంటనే తునికాకు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో తునికాకు ధరను స్టాండర్డ్ బ్యాగుకు రూ.4,000 నుంచి రూ.5,500కు పెంచింది. ఇంట్లో ఎన్ని చేతులుంటే అంత ఆదాయం. తొలకరి పడితే పొలం పని. ఈ వరసలో ఆటకు ప్రత్యేకంగా ఓ కాలం అంటూ లేదు. ఉండాలంటే ఎవరో ఒకరు వేరే కాలం నుంచి లాక్కోవాలి. బస్తర్‌లో బాలికల జట్టు కొత్త సీజన్‌కు సిద్ధమవుతోందంటే అసలు అర్థం అదే.

కొండగావ్ జిల్లా మర్దాపాల్‌లో ఈ పని 2016లో మొదలైంది. మొదలుపెట్టింది విద్యాశాఖ కాదు, క్రీడాశాఖా కాదు. మావోయిస్టుల ఏరివేతకు అక్కడ మోహరించిన ఇండో టిబెటన్ సరిహద్దు పోలీసు దళం, ఐటీబీపీ 41వ బెటాలియన్. హాకీ తెలిసిన ఓ జవాను స్థానిక ఆశ్రమ పాఠశాల బాలికలను పోగేసి ఆట నేర్పడం మొదలుపెట్టాడు. వారిలో చాలామందికి అప్పటిదాకా హాకీ కర్ర ఎలా ఉంటుందో కూడా తెలియదు. సరైన మైదానం లేక తొలినాళ్లలో దళాల హెలిప్యాడ్ మీదే సాధన సాగింది. నాలుగైదేళ్లు గడిచేసరికి దాదాపు నలభై మంది హాకీ ఇండియా వద్ద క్రీడాకారిణులుగా నమోదయ్యారు. కొందరు రాష్ట్ర జూనియర్, సబ్‌జూనియర్ జట్లకు ఎంపికయ్యారు. చెప్పుల్లేని కాళ్లతో మొదలుపెట్టిన పిల్లలకు ఇది చిన్న దూరమేమీ కాదు.

సిద్ధం కావడమంటే...

ఈ ఆటకు తయారీ అంటే ఏమిటో మైదానం అంచున నిలబడి చూస్తేగాని తెలియదు. హాకీ వంగి ఆడే ఆట. వానాకాలం విరామం తర్వాత మొదటి వారాలు నడుం, తొడలు మాట వినవు. ఆ తర్వాత బంతిని ఆపడం, తోయడం, పరుగులో దిశ మార్చడం వందల సార్లు చేయాలి. మట్టి నేల మీద బంతి ఎగిరెగిరి పడుతుంది. అందుకే మట్టి మీద నేర్చుకున్న పిల్ల బంతి కోసం ఒక క్షణం ఆగుతుంది. నీళ్లు చల్లిన కృత్రిమ టర్ఫ్ మీద బంతి జారిపోతుంది. అక్కడ ఆ క్షణం ఆగితే బంతి ప్రత్యర్థిదే. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నుంచి పెద్ద హాకీ అంతా టర్ఫ్ మీదే. నాలుగు క్వార్టర్లు, ఒక్కోటి 15 నిమిషాలు. మట్టి మీద నెలల తరబడి తయారైన జట్టు పోటీ రోజున టర్ఫ్ మీద కాలు పెడితే మొదటి క్వార్టర్ అంతా ఆ నేలను అర్థం చేసుకోవడానికే సరిపోతుంది. ఆలోపు రెండు గోల్స్ పడతాయి. ప్రతిభ తక్కువై కాదు, నేల కొత్తదై.

ఛత్తీస్‌గఢ్‌లో టర్ఫ్ లేదా అంటే ఉంది. రాయ్‌పూర్‌లోని స్టేడియం 2015లో ప్రపంచ హాకీ లీగ్ ఫైనల్స్‌కు వేదికైంది. రాజ్‌నంద్‌గావ్‌ను రాష్ట్ర హాకీకి నర్సరీ అంటారు. 2016 రియో ఒలింపిక్స్‌లో ఆడిన రేణుకా యాదవ్ ఆ ఊరి అమ్మాయే. భారత జట్టుకు సారథ్యం వహించి, 2015లో పద్మశ్రీ అందుకున్న సబా అంజుమ్‌ది దుర్గ్. ఆటే ఆమెను రాష్ట్ర పోలీసు శాఖలో డీఎస్పీని చేసింది. అంటే దారి ఉంది. కానీ అది మైదాన ప్రాంతంలో మొదలై మైదాన ప్రాంతంలోనే ముగుస్తోంది. కేశ్‌కాల్ ఘాట్ ఎక్కి బస్తర్‌లోకి రావడం లేదు.

సిమ్‌డేగాకు ఉన్నది ఏమిటి?

బస్తర్‌లాగే అడవి, పేదరికం, వలస ఉన్న మరో ఆదివాసీ ప్రాంతం జార్ఖండ్‌లోని సిమ్‌డేగా. 1972 ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్టులోని మైకేల్ కిండో, 1980లో స్వర్ణం గెలిచిన జట్టులోని సిల్వానస్ డుంగ్‌డుంగ్ అక్కడివారే. 2024లో భారత మహిళల జట్టు కెప్టెన్ బాధ్యతలు అందుకున్న సలీమా టేటేదీ ఆ జిల్లానే. సిమ్‌డేగాకు టర్ఫ్ వచ్చింది తర్వాత. ముందు వచ్చింది ఊళ్లలో పోటీలు. గెలిచిన జట్టుకు మేకపోతు బహుమతి. ఆ సాయంత్రం ఊరంతా విందు. ఏ శాఖ ఉత్తర్వులూ లేకుండా, ఏ అధికారి బదిలీతోనూ ఆగకుండా తరాలుగా సాగిన పోటీలవి. అక్కడ ఆటకు సీజన్ ఊరే ఇచ్చింది. అమ్మమ్మ కూడా కర్ర పట్టిన ఇంట్లో పిల్లను ఆటకు పంపమని ఒప్పించనక్కర్లేదు.

బస్తర్‌లో హాకీకి ఆ వేరు లేదు. అది క్యాంపు గేటు గుండా వచ్చింది. అందులోనే దాని బలం, దాని బలహీనత రెండూ ఉన్నాయి. క్రమశిక్షణ, కర్రలు, బూట్లు, రోజూ వచ్చే శిక్షకుడు దళం వల్లే దక్కాయి. అయితే ఆ దళానికి ఇది ప్రజల నమ్మకం పొందే కార్యక్రమాల్లో భాగం. అసలు విధి వేరే. బెటాలియన్ అన్నాక బదిలీ తప్పదు. పైగా తుపాకుల మధ్య పెరిగిన పిల్లలు ఏదో ఒక పక్షానికి ప్రచార చిత్రంగా మారడం కూడా వారికి మేలు చేసేది కాదు. జవాను ఔదార్యాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఒక మనిషి ఔదార్యం మీద నిలబడిన జట్టుకు ఈ సీజన్ ఉంటుందే గాని వచ్చే సీజన్ ఉంటుందన్న హామీ ఉండదు.

ఇందుకు బదులు వెతకడానికి బస్తర్ దాటి పోనక్కర్లేదు. వినోబా భావే శిష్యుడు ధరంపాల్ సైనీ 1976లో వచ్చి జగదల్‌పూర్ చేరువలోని డిమ్రాపాల్‌లో ఆదివాసీ బాలికల కోసం మాతా రుక్మిణీ ఆశ్రమం ప్రారంభించారు. స్వయంగా క్రీడాకారుడైన ఆయన చదువుకు పరుగు పందేలను జోడించారు. ఆయనకు 1992లో పద్మశ్రీ వచ్చింది. 2021లో మావోయిస్టుల చెరలో ఉన్న సీఆర్‌పీఎఫ్ జవాను విడుదలకు మధ్యవర్తిగా వెళ్లినవారిలో ఆయన ఒకరు. అన్నివైపులా ఆ నమ్మకం ఎలా వచ్చిందన్నదానికి ఆయన అక్కడే ఉండిపోవడమే సగం సమాధానం. ఆటకు అన్నిటికంటే ముందు కావలసింది వెళ్లిపోని మనిషి, మూతపడని సంస్థ.

సంఖ్య పెద్దది, దారి చిన్నది

ప్రభుత్వం ఏమీ చేయడం లేదనడం సరికాదు. 2024 నవంబరు, డిసెంబరు నెలల్లో ఏడు జిల్లాల వారితో తొలి బస్తర్ ఒలింపిక్స్ జరిగాయి. 1.65 లక్షల మంది పాల్గొన్నారు. హాకీ, ఫుట్‌బాల్, కబడ్డీ, విలువిద్య సహా 11 క్రీడలు. లొంగిపోయిన మావోయిస్టులూ, మందుపాతరల్లో కాళ్లు పోగొట్టుకున్నవారూ ఆడారు. 2025లో నమోదైనవారి సంఖ్య 3.9 లక్షలు దాటింది. అందులో సగానికి పైగా మహిళలే. ఆడాలన్న కోరిక లేదని ఇక ఎవరూ అనలేరు.

కానీ ఉత్సవం వేరు, సీజన్ వేరు. ఉత్సవం కొన్ని వారాల్లో ముగుస్తుంది. సీజన్ అంటే ఏడాదికోసారి తప్పకుండా తిరిగొచ్చేది. అమెరికా కాలేజీల్లో మహిళల లాక్రోస్‌ను చూస్తే ఆ తేడా తెలుస్తుంది. వల కట్టిన కర్రతో బంతిని అందుకుంటూ విసిరే ఈ ఆట నిజానికి అక్కడి ఆదివాసీ జాతులది. కాలేజీల చేతికొచ్చాక దానికో క్యాలెండర్ ఏర్పడింది. శరదృతువులో సాధన, ఫిబ్రవరి నుంచి మ్యాచ్‌లు, మేలో జాతీయ ఫైనల్. 1982 నుంచి మహిళల జాతీయ ఛాంపియన్‌షిప్ నడుస్తోంది. పదిహేనేళ్ల పిల్ల తాను పద్దెనిమిదో ఏట ఎక్కడ ఆడొచ్చో ముందే చూసుకోగలదు. విచిత్రమేమంటే 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌కు ఆట తిరిగొస్తున్నా, ఆ ఆటను పుట్టించిన జాతులు మాత్రం సొంత జెండాతో ఆడనివ్వమని అడగవలసిన స్థితి వచ్చింది. ఆదివాసీ ఆడే ఆటకూ, ఆదివాసీకి దక్కే ఆటకూ మధ్య దూరం ఒక్క బస్తర్‌లోనే లేదన్నమాట.

మర్దాపాల్ లాంటి చోట పదిహేనేళ్ల పిల్లకు కనిపించేది మరోలా ఉంటుంది. ఆశ్రమ పాఠశాల ఉన్నంతకాలం భోజనం, మంచం, ఆట ఒకేచోట. పన్నెండో తరగతి ముగిసే వేళకు, అంటే సరిగ్గా ఇప్పపూలు రాలే రోజులకు, హాస్టల్ ఖాళీ చేయాలి. ఆట సరిగ్గా ఒంటబట్టే వయసూ అదే. ఇంటికి వెళ్తే బుట్ట చేతికొస్తుంది. మరుసటి ఏడు మిరప చేను, లేదంటే పెళ్లి. జట్టు ఓడిపోయి చెదిరిపోదు. పరీక్షలు రాసి చెదిరిపోతుంది.

ఈ ఖాళీని పూడ్చగలిగింది కాలేజీ. జగదల్‌పూర్‌లో 2008లో ఏర్పడిన బస్తర్ విశ్వవిద్యాలయం నేడు షహీద్ మహేంద్ర కర్మ విశ్వవిద్యాలయంగా నడుస్తోంది. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో 17 నుంచి 25 ఏళ్ల వరకూ ఆడొచ్చు. అంటే బడి వదిలిన పిల్లకు మరో ఎనిమిదేళ్ల ఆట. రైల్వేలు, పోలీసు, కేంద్ర బలగాల క్రీడా కోటా ఉద్యోగాలకు మెట్టు కూడా అదే. అందుకు కావలసినవి గొప్ప పథకాలేం కాదు. విశ్వవిద్యాలయ పరిధిలో మహిళల హాకీ జట్టు, ఆడే అమ్మాయిలకు వేసవిలోనూ తెరిచి ఉండే హాస్టల్, బెటాలియన్‌తో పాటు బదిలీ కాని శిక్షకురాలి ఉద్యోగం, ఏటా కొన్ని వారాలైనా టర్ఫ్ మీద సాధన. తునికాకు రోజుల్లో ఇంటికి తగ్గే ఆదాయానికి సరిపడా ఉపకార వేతనం. చివరిది చిన్నదిగా కనిపిస్తుంది గానీ తండ్రి ఊ అనడం, ఊహూ అనడం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

మొదటి శిక్షకురాలు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు జవాబు సిద్ధంగానే ఉంది. 2016లో ఆ హెలిప్యాడ్ మీద కర్ర పట్టిన బాలికలు ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటినవారు. వారిలో కొందరికి ఆ ఉద్యోగం ఇస్తే బస్తర్ హాకీకి సొంత వేరు పుడుతుంది. గోండీలోనో, హల్బీలోనో తప్పులు దిద్దే శిక్షకురాలిని చూసి పెరిగిన పిల్లకు ఆట క్యాంపు నుంచి వచ్చిందన్న సంగతే గుర్తుండదు.

మావోయిజం అంతానికి కేంద్రం 2026 మార్చి 31ని గడువుగా ప్రకటించింది. యుద్ధం ముగిసిన చోట దళాలు ఇవాళ కాకపోతే రేపు వెళ్లిపోవలసిందే. వెళ్లడమే మంచిది. వారు వెళ్లిన తర్వాతి మార్చిలో, ఇప్పపూలు రాలే తెల్లవారుజామున, మర్దాపాల్ పిల్ల చేతిలో బుట్ట ఉంటుందా, కర్ర ఉంటుందా అన్నదే తేలవలసి ఉంది. బస్తర్‌లో శాంతి వచ్చిందో లేదో చెప్పే లెక్కల్లో అదీ ఒకటి.