వెండితెర: కొడుకు కోసం వెళ్లిన తండ్రి

ఈ నెల మన శీర్షికకు ఒక ఇంగ్లీషు చిత్రాన్ని ఎన్నుకున్నాను. పేరు ‘ఇన్ ది నేమ్ ఆఫ్ ది ఫాదర్’. 1993లో వచ్చినది. దర్శకుడు జిమ్ షెరిడన్. నృత్యాలు లేవు, కత్తియుద్ధాలు లేవు. అయినా రెండు గంటలకు పైగా కుర్చీలోంచి కదలనివ్వదు. పోలీసు హింస, మోటు మాటలు ఉన్నవి గనుక చిన్నపిల్లలను మాత్రం దగ్గర కూర్చోబెట్టుకోవద్దని మనవి.

కథ కల్పితం కాదు. 1974 అక్టోబరు 5వ తేదీ రాత్రి ఇంగ్లండులోని గిల్డ్‌ఫర్డ్ పట్టణంలో రెండు మద్యశాలల్లో ఐరిష్ రిపబ్లికన్ సైన్యంవారు బాంబులు పేల్చినారు. ఐదుగురు చనిపోయినారు. దేశం అట్టుడికిపోయింది. ఎవరినో ఒకరిని దోషులుగా చూపాలన్న తొందరలో పోలీసులు పట్టుకున్నవారిలో బెల్ఫాస్టు కుర్రవాడు జెర్రీ కాన్లన్ ఒకడు. వయసు ఇరవై. పనీపాటా లేని దుడుకువాడే గాని హంతకుడు కాడు. చిత్రంలో అతడు దెబ్బలకు లొంగడు. నీ తండ్రిని కాల్చేస్తానని ఒక అధికారి చెవిలో చెప్పిన మాటకు లొంగి, నేరం ఒప్పుకుంటూ సంతకం పెడతాడు.

ఆ తండ్రి జుసెప్పే కాన్లన్. ఊపిరితిత్తుల జబ్బు మనిషి. కొడుక్కి వకీలును కుదర్చాలని ఓడెక్కి లండన్ వచ్చినాడు. వచ్చిన రోజునే ఆయననూ పట్టుకున్నారు. ఆయన దిగిన చుట్టాల ఇంటివారినీ, పదమూడేళ్ల పిల్లవాడితో సహా, వదలలేదు. చేతులకు పేలుడు మందు అంటి ఉన్నదని కేసు. కొడుక్కి 1975లో యావజ్జీవం, తండ్రికి 1976లో పన్నెండేళ్లు పడ్డవి.

చిత్రానికి ప్రాణం జైలుగదిలోనే ఉన్నది. తండ్రీకొడుకులిద్దరూ ఒకే గదిలో ఉంటారు. చిన్ననాడు బంతాటలో గెలిచిన రోజున కూడా నా తప్పే ఎంచావు గదా అని కొడుకు దెప్పుతాడు. తండ్రి బదులుకు బదులు చెప్పడు. గోడలు దూకే ఉపాయాలూ పన్నడు. కూర్చుని ఉత్తరాలు రాస్తాడు. దగ్గుతూ రాస్తాడు. ఎవరు చదువుతారని కొడుకు వెక్కిరిస్తాడు. కొన్నాళ్లకు ఆ వెక్కిరింత మానుకుని, తండ్రి పని తానే అందుకుంటాడు. తండ్రి కన్నుమూసిన రాత్రి తోటి ఖైదీలు కాగితాలు వెలిగించి కిటికీలలోంచి జారవిడుస్తారు. చీకట్లో ఆ నిప్పులు రాలుతుంటే మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

తండ్రిగా పీట్ పాసెల్‌త్వైట్, కొడుకుగా డానియల్ డే-లూయిస్ నటించినారనిపించదు. వకీలు గారెత్ పియర్స్ పాత్ర ఎమ్మా థాంప్సన్‌ది.

నిజానికి తండ్రీకొడుకులను ఒకే గదిలో ఉంచలేదు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టడానికి చేసిన ఈ మార్పును మన్నించవచ్చును. పియర్స్ గారిచేత కోర్టులో వాదింపజేయడం మాత్రం అనవసరం. ఆవిడ కేసు తయారుచేసే వకీలే గాని కోర్టులో నిలబడి వాదించే వకీలు కారు.

నాబోటి గుమాస్తాలు గమనించవలసిన సంగతి ఒకటున్నది. జెర్రీ ఆ రాత్రి లండన్‌లో ఉన్నాడనే సాక్షి మాట దస్తరంలోనే ఉన్నది. ప్రతివాదులకు చూపరాదన్న గుర్తుతో ఉన్నది. తెరమీద కథను తిప్పేది ఆ కాగితమే. నిజంగా కేసును కూల్చినవీ కాగితాలే. ఒక నిందితుణ్ణి విచారిస్తూ అప్పటికప్పుడు రాసుకున్నామని పోలీసులు ప్రమాణం చేసిన నోట్సుకు, టైపు కొట్టి చేత్తో దిద్దిన చిత్తుప్రతి బయటపడింది. 1989 అక్టోబరు 19న నలుగురు ఖైదీల మీది తీర్పును రద్దు చేసినారు. కట్ట విప్పి చూడడానికి దాదాపు పదిహేనేళ్లు పట్టింది!

జుసెప్పే 1980 జనవరిలో ఖైదీగానే పోయినారు. ఆయన మీది తీర్పు 1991లో రద్దయింది. 2005లో ప్రధాని టోనీ బ్లెయిర్ ఆ కుటుంబాలకు బహిరంగంగా క్షమాపణ చెప్పినారు. వినవలసిన మనిషి అప్పటికి లేడు.

కొడుకును విడిపించడం ఆ తండ్రి చేతకాలేదు. పక్కన ఉండడం చేతనయింది. ఎదిగిన కొడుకుతో మాటలు మానుకున్న తండ్రులు మన ఇళ్లలోనూ ఉన్నారు. వారు ఈ చిత్రాన్ని ఆ కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని చూడవలసినది.