వరదపాలైన మడిగెలు: మొదటి రక్షణ యెవరి బాధ్యత?

2025వ సంవత్సరము ఆగస్టు 27వ తేదీ వినాయక చవితి. ఆనాడు మొదలైన కుంభవృష్టి మఱునాటి వఱకు విడువక కామారెడ్డి జిల్లాను ముంచెత్తినది. రాజంపేట మండలములోని అర్గొండయందు ఒక్క దినములో 40 సెంటీమీటర్లకు పైగా వర్షము కురిసినది. భిక్కనూరు, తలమడ్ల నడుమ రైలుకట్ట కోసుకొనిపోయినది. 44వ నెంబరు జాతీయ రహదారిపై రాకపోకలు స్తంభించినవి. కామారెడ్డి పట్టణమున జి.ఆర్. కాలనీ నీట మునుగగా జనులను రక్షకదళములు వెలికి తీయవలసి వచ్చినది. ఎల్లారెడ్డి దిక్కున నూఱేండ్లు దాటిన పోచారము ఆనకట్ట మీదుగా నీరు పొంగి పొరలగా, కట్ట నిలుచునో నిలువదో యని దిగువ గ్రామములవారు గుండెలు చేతబట్టుకొని చూచిరి. కట్ట నిలిచినది. కట్టినవారికి నమస్కారము.

ఆనకట్టను గుఱించి, రహదారిని గుఱించి, రైలుకట్టను గుఱించి పత్రికలవారు వ్రాసిరి, అధికారులు చూచిరి, నాయకులు పలికిరి. అది యవసరమే. మేము నేడు చెప్పదలచినది అంతకంటె చిన్నదిగా కనబడు సంగతి. వరద దిగిన నాటి రాత్రి, తలుపు ఊడిన మడిగె ముందర, మిగిలిన సరకును చూచుకొనుచు ఒంటరిగా నిలుచు దుకాణదారునికి నాలుగు పలకలు, పది రేకులు, ఒక వడ్రంగి సమకూర్చువాడెవడు? ఈ ప్రశ్నకు మన పట్టణములలో నేటికిని జవాబు లేదు. జవాబు లేకపోవుటయే కాదు, ప్రశ్న యడుగవలెనన్న తలంపు సైతము లేదు.

మడిగె యెట్లు చెడునో మొదట తెలిసికొనవలెను. ఇప్పటి దుకాణములకు ఇనుప షట్టరే ద్వారము. వీథిలో నీరు నడుములోతు లేచినపుడు ఆ బరువునకు షట్టరు మధ్య ఉబ్బి, పట్టెలు ఇరుప్రక్కల గాడినుండి జాఱిపోవును. ఒకసారి గాడి తప్పిన షట్టరు పైకి లేవదు, క్రిందికి దిగదు. అద్దాల ముఖద్వారములున్నచో అవి పగిలి పెంకులై బురదలో కలియును. ప్రక్కగోడ పునాది నాని ఒరగును. లోపల బియ్యము, పప్పులు, బట్టలు, మందులు, ఎరువుల బస్తాలు, కుట్టుయంత్రములు. బయట నిర్మానుష్యమైన చీకటి వీథి. విద్యుత్తు లేదు. దుకాణదారు తన యిల్లు కూడ నీటిలో నున్నదని అక్కడికి పరుగెత్తవలెనా? ఇక్కడ కావలి కూర్చుండవలెనా?

మన తాతల దుకాణములకు షట్టర్లు లేవు. గడపలోను, పైదూలములోను గాడి తీసి, అంకెలు వేసిన పలకలను వరుసగా దించి, కడపటి పలకకు అడ్డగడియ వేసి తాళము బిగించెడివారు. ఒక పలక విఱిగినచో ఆ యొక్క పలకనే మార్చెడివారు. ఊరి వడ్రంగి ఒక పూటలో పని ముగించెడివాడు. నేడు షట్టరు చెడినచో పనివాడు దూరమునుండి రావలెను. నూఱు మడిగెలు ఒక్కనాడే చెడినచో అతడు నెలకు గాని రాడు. ఆ నెల దినములు మూయుటకే తాత్కాలికమైన పలకల అడ్డు కావలసినది.

ఇక్కడ మన జనులలో వ్యాపించిన ఒక దురభ్యాసమును ఖండింపక తప్పదు. "ఏమియు ముట్టకుడు, అధికారులు వచ్చి చూచువఱకు ఉన్నదున్నట్లు ఉంచుడు, మూసినచో నష్టము కనబడదు, సహాయము రాదు" అని యూరివారు దుకాణదారునకు బోధింతురు. గాయమునకు కట్టు కట్టినచో వైద్యుడు నమ్మడేమో యని రక్తము కారనిచ్చు వానికిని, వీనికిని భేదమేమి? అధికారి వచ్చువఱకు వర్షము ఆగునా? దొంగ ఆగునా? పశువులాగునా?

న్యాయవాద వృత్తిలో నున్న మేము ఈ బోధ చట్టరీత్యా కూడ తప్పని స్పష్టముగా చెప్పుచున్నాము. 2021 ఏప్రిల్ 1వ తేదీనుండి, ఒక్కచోట 5 కోట్ల రూపాయలకు మించని భీమా మొత్తముగల వ్యాపారములకు "భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష" యను ఏకరూప భీమాపత్రము అమలులోనికి వచ్చినది. మన రెండు పట్టణముల దుకాణములలో హెచ్చుభాగము ఈ కొలతలోనివే. వరద, తుపాను మొదలగు భీమాకు లోబడిన ఆపదవలన సంభవించిన దొంగతనమునకు ఈ పత్రము రక్షణ నిచ్చును గాని, ఆ యాపద కలిగిననాటినుండి 7 దినములలోపల జరిగినదానికి మాత్రమే. ఎనిమిదవ నాటి దొంగతనము దుకాణదారుని నెత్తిమీదనే పడును. ఆవరణ వెలుపల పెట్టిన సరకు పోయినచో ఆ ఏడు దినములలో కూడ పరిహారము లేదు. మఱియు నష్టము పెరుగకుండ తగిన జాగ్రత్త తీసికొనుట భీమాదారుని విధి. తలుపులేని మడిగెను తెఱచి యుంచి, రెండవ వానకు తడిసిన సరకునకు కూడ పరిహారము కోరువాడు తన వ్యాజ్యమును తానే బలహీనపఱచుకొనుచున్నాడు. కావున పద్ధతి యిది: ముందు నలుదిక్కులనుండి ఛాయాచిత్రములు తీయుడు; నీరు లేచిన మట్టమును గోడపై గుఱుతు పెట్టుడు; సరకు పట్టిక వ్రాసి ఇరుగుపొరుగు ఇద్దఱిచేత సంతకములు చేయింపుడు; భీమా సంస్థకు, పురపాలక కార్యాలయమునకు వెంటనే తెలియజేయుడు; ఆనాడే పలకలు కొట్టుడు. సాక్ష్యమును, సరకును రెండింటిని కాపాడు మార్గమిదియే.

భీమా లేనివాని గతి యేమి? అట్టివారే హెచ్చు. కేంద్రము నిర్ణయించిన విపత్తు సహాయపు కొలతలలో కూలిన యింటికి లెక్క కలదు. పోయిన పంటకు, చచ్చిన పశువుకు లెక్క కలదు. చేతిపనివాని పనిముట్లకు సైతము కొంత కలదు. కిరాణా కొట్టునకు ప్రత్యేకమైన పద్దు లేదు. అయినను మనసున్నచో మార్గమున్నదని పొరుగు రాష్ట్రము చూపినది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినపుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చిన్న దుకాణములకు 25,000 రూపాయలును, చిన్న వ్యాపార సంస్థలకు వారి వార్షిక వ్యాపారమును బట్టి 50,000 మొదలు లక్షన్నర వఱకును ప్రకటించినది. దుకాణము కూడ ఒక సంసారమునకు అన్నపాత్రయే యని యొప్పుకొనుట అందులోని విశేషము. అయితే ఆ ధనము కూడ వారములు గడచిన తరువాత వచ్చునదే. మొదటి రాత్రి కావలసినది ధనము కాదు, పలక.

ఇక కిరాయిదారుల సంగతి. ఇది అన్నిటికంటె సున్నితమైనది. మన వీథులలో దుకాణదారులు పెక్కురు మడిగెకు యజమానులు కారు. వరద వచ్చి గోడ ఒరగగానే "నీ సరకు నీవు చూచుకొనుము, నా గోడ నేను చూచుకొందును" అని యజమానియు, "గోడ నాది కాదు, నేనెందుకు ఖర్చు పెట్టవలెను" అని కిరాయిదారును వాదించుకొనుచుండగా మడిగె తెఱచియే యుండును. మఱికొన్ని చోట్ల ఇంతకంటె ఘోరము జరుగుటకు అవకాశము కలదు. రక్షణ పేర యజమానియే పలకలు కొట్టించి, తాళము తనయొద్ద నుంచుకొని, పాత కిరాయిదారుని గడప త్రొక్కనీయకుండుట! అపుడు పలక రక్షణ గాక అపహరణమునకు సాధనమగును.

చట్టము ఈ విషయమున మూగదికాదు. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము 108వ సెక్షను చూడుడు. వేఱు ఒడంబడిక లేనపుడు, అగ్నిచేతగాని, తుపానుచేతగాని, వరదచేతగాని మడిగెలో ముఖ్యభాగము పూర్తిగా నశించినను, శాశ్వతముగా పనికిరాకపోయినను, కౌలును రద్దుపఱచుకొను స్వేచ్ఛ కిరాయిదారునిదే, యజమానిది కాదు. యజమాని చేయవలసిన మరమ్మతును నోటీసు ఇచ్చిన తరువాత తగిన కాలములో చేయనిచో, కిరాయిదారు తానే చేయించి ఆ ఖర్చును వడ్డీతోకూడ కిరాయిలో మినహాయించుకొనవచ్చును. కట్టడము కూలినంత మాత్రమున కిరాయి హక్కు నశింపదని 2014లో సర్వోన్నత న్యాయస్థానమున ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పినది. బలవంతముగా వెడలగొట్టబడినవాడు 1963వ సంవత్సరపు నిర్దిష్ట ఉపశమన చట్టము 6వ సెక్షను క్రింద ఆఱు నెలలలోపల దావా వేసి స్వాధీనమును తిరిగి పొందవచ్చును. అయినను దావా వేయుట కంటె దావా అవసరము లేకుండ చేసికొనుట మేలు. పలకలు కొట్టునాడే ఒక కాగితముపై "ఇది తాత్కాలిక రక్షణ మాత్రమే, ఇరువురి హక్కులు యథాతథముగా నుండును, తాళపుచెవి కిరాయిదారునియొద్ద నుండును" అని వ్రాసి ఇరువురును సంతకములు చేయవలెను. మూడు వాక్యముల కాగితము మూడేండ్ల వ్యాజ్యమును తప్పించును.

"ప్రైవేటు దుకాణములకు ప్రజాధనమేల?" అని కొందఱు ఆక్షేపింతురు. వీథి ఎవరిది? ఒరగిన గోడ క్రిందినుండి బడికి పోవు పిల్లలెవరివారు? బురదలో దాగిన అద్దపు పెంకు దుకాణదారుని కాలికే గ్రుచ్చుకొనునని యెవరైన హామీ యిత్తురా? ఒక్క మడిగె దోపిడియైనచో ఆ వీథియంతయు నిద్రకు దూరమగును. కూలనున్న కట్టడములపై నోటీసు అంటించు అధికారము పురపాలక సంఘమునకు కలదు. వ్యాపారపు లైసెన్సు రుసుము ఏటేట వసూలు చేయు హక్కును కలదు. హక్కు రుసుమునకు, అధికారము నోటీసునకు మాత్రమే పరిమితమై, ఆపత్కాలమున ఒక పలక యిచ్చు బాధ్యత లేదనుట యే ధర్మము?

లోకములో ఇతరులు ఇది యెట్లు చేసిరో చూడుడు. 1940, 41 సంవత్సరములలో లండను నగరముపై రాత్రి రాత్రి బాంబులు పడుచుండగా, అచ్చటి స్థానిక సంఘములు పనివాండ్ర జట్లను పంపి, పగిలిన కిటికీలకు అడ్డులు కొట్టించి, ఎగిరిన కప్పులపై గుడారపు గుడ్డలు కప్పించినవి. ఆ పనికి వారు పెట్టిన పేరే ప్రథమ చికిత్స మరమ్మతు. అమెరికాలో తుపానుల తరువాత సైనిక ఇంజనీర్ల శాఖవారు చెడిన యిండ్ల కప్పులపై నీలపు పట్టలు ఉచితముగా కప్పుదురు. అంత దూరమేల? 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ఊడ్చిపెట్టగా, ఆ పాఠమునుండియే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ లేచినవి. ఆపదనుండి నేర్చుకొనుట మన గడ్డకు క్రొత్తకాదు. 2025 వరదనుండి మన పట్టణములు నేర్చుకొన్నదేమి?

మేము కోరునది కొండంత కాదు. కామారెడ్డియు, ఎల్లారెడ్డియు రెండును పురపాలక పట్టణములే. ప్రతి సంవత్సరము వర్షములకు ముందే ఈ రెండు చోట్లను మెట్టప్రదేశమున ఒక కొట్టులో నీటికి చెడని ప్లైవుడ్ పలకలు, ఇనుప రేకులు, సరుగుడు బాదులు, మరబోల్టులు, టార్పాలిను పట్టలు నిలువ యుంచవలెను. వడ్రంగులు, వెల్డింగు పనివారు, విద్యుత్తు పనివారు కలిసిన జట్టును ముందే పేరుపేరున నియమించి వారి కూలిరేటును నిర్ణయింపవలెను. వర్తక సంఘములు తమవంతు నిధి కూర్చవలెను. వరద మఱునాడు పలక ధరను రెట్టింపు చేయు వర్తకుడు తన తోడి వర్తకునే దోచుచున్నాడని సంఘము నిస్సంకోచముగా ప్రకటింపవలెను. ఉద్యమములలో పనిచేసిన స్వచ్ఛంద సేవకులు కావలికిని, పట్టికలు వ్రాయుటకును ముందునకు రావలెను. జెండా మోసిన చేతికి పలక మోయుట తక్కువ పని కాదు.

పని చేయు తీరు కూడ ముఖ్యమే. ముందు విద్యుత్తు తీయింపవలెను. వ్రేలాడు అద్దమును దించవలెను. ఒరగిన గోడకు మేకు కొట్టరాదు. దానికి ఆనుకఱ్ఱ పెట్టి, పలకల చట్రమును గట్టి స్తంభమునకు బోల్టులతో బిగింపవలెను. బోల్టు మరలు లోపలివైపు ఉండవలెను. పూర్తిగా బిగించి గాలి ఆడకుండ చేయరాదు. తడిసిన గోడలు, సరకు బూజు పట్టును, కావున పైభాగమున సందు విడువవలెను. మనిషి దూఱునంత చిన్న తలుపు, దానికి తాళము ఉండవలెను. మురుగుకాలువపై పలక పడరాదు. పలకపై దుకాణము పేరు, కొట్టిన తేదీ వ్రాయవలెను. ఈ తేదీ యేలయనగా, తాత్కాలికమని కొట్టినది తరతరాలు నిలుచు దేశము మనది. మూడు నెలలు గడువు పెట్టి, ఆ తరువాత మరమ్మతు జరుగని మడిగెను పురపాలకులు విచారింపవలెను. విఱిగిన కాలికి కట్టిన కట్టు జీవితాంతము ఉండరాదు.

వర్తక సోదరులారా, పురపాలకులారా! దొంగలు పడిన ఆఱు నెలలకు కుక్కలు మొఱిగినట్లు, వరద పోయిన తరువాత సమావేశములు జరుపుటవలన ప్రయోజనము లేదు. మేఘమునకు మన తీర్మానములతో పనిలేదు. ఏ మడిగెలో ఎవరు కిరాయిదారు, ఎవరు యజమాని, ఎచ్చట నీరు నిలుచును, ఎచ్చటి గోడ బలహీనము అను పట్టిక ఈ వానకాలమునకు ముందే సిద్ధము కావలెను. అది సిద్ధమైనదా యని ప్రతి పఠనాలయములోను చదువరులు తమ వార్డు సభ్యుని అడుగవలెను. ఆ సభ్యుడు పట్టిక చూపువఱకు ఆ ప్రశ్నను విడువరాదు.