నాయనమ్మ వీణ – మనుమని నాదయంత్రము



తోటలలో రసాలకోత ముగిసి, బుట్టలు కట్టు సందడి తగ్గిన యీ రోజులలో నాకు వచ్చిన జాబులలో నొకటి నన్ను మిక్కిలి యాలోచింపజేసినది. వ్రాసిన సోదరి మా నూజివీటికి చేరువనున్న పల్లెలోనిది. పేరు ప్రకటింపవలదని కోరినది గావున ప్రకటింపను. ఆమె కుమారుడు ఇంజనీరింగు చదువుచున్నాడు, గిటారు వాయించును. ఇంగ్లండు దేశీయుడగు బ్రయన్ మే యను ప్రసిద్ధ వాద్యకారుని పలుకు తన గిటారునందును బలుకవలెనని వాని కోరిక. అందులకు ఆంప్ మోడలరు అను యంత్రము కావలెనట. ఆ యింట అటకమీద నాయనమ్మగారి వీణ కలదు. నూజివీటి పనివారు చేసినది. పట్టణమునుండి వచ్చిన యొక వ్యాపారి దానిని హోటలు ముంగిట నలంకారముగా నుంచుటకు కొందు ననెను. దాని నమ్మి యంత్రము కొందమని కుమారుడును, "ఎవ్వరును వాయింపనిదానిని దాచుట యేల?" యని భర్తగారును ననుచున్నారు. డెబ్బదియేండ్లు దాటిన యత్తగారి నడుగగా, "మీ యిష్టము" అని లోనికి బోయిరట. "అక్కగారూ, ఈ మాటను సమ్మతి యనుకొనవచ్చునా?" యని యా సోదరి ప్రశ్న.

సమ్మతి మాట తరువాత విచారింతము. ముందు ఆ యంత్ర మెట్టిదో తెలిసికొనవలెను. పిల్లలు కోరు వస్తువు మనకు తెలియదు గనుక వలదనుటయు, తెలియకయే సొమ్ము చేతబెట్టుటయు, రెండును తగనివి. నాకు తెలియని చోట్ల మావారి నడిగి తెలిసికొని వ్రాయుచున్నాను.

విద్యుత్తుతో పనిచేయు గిటారున తంతులక్రింద అయస్కాంతములును, వానిచుట్టు జుట్టిన సన్నని రాగితీగయు నుండును. ఉక్కుతంతి కదలినంతనే ఆ తీగచుట్టలో బలహీనమగు విద్యుత్తు పుట్టును. దానిని బలపరచి స్పీకరునకు బంపునది ఆంప్లిఫయరు. మన తాతలనాటి రేడియోపెట్టెలలో నెఱ్ఱగా వెలుగు గాజువాల్వు లుండెడివి గదా! పాత గిటారు ఆంప్లిఫయరులలో నుండునవియు నట్టివే. వానిచేత శక్తికి మించిన పని చేయించినచో ధ్వనితరంగముల శిఖరము లణగిపోయి, మొదట లేని క్రొత్త యనుస్వరములు పుట్టును. రేడియోలో దోషమనిపించుకొనిన యా బొంగురే గిటారున కలంకారమైనది.

ఆంప్ మోడలరులో నుండునది గణితము. తంతినుండి వచ్చు విద్యుత్తును సెకండునకు 44,100 సార్లో, 48,000 సార్లో కొలిచి, ఫలానా ఆంప్లిఫయరులోనుండి వచ్చినచో నది యెట్లు మారియుండునో లెక్కించి, ఆ లెక్కను మరల ధ్వనిగా నొసగును. 1998లో అమెరికాలోని లైన్ సిక్స్ సంస్థవారు పాడ్ అను పేర రాజ్మాగింజ యాకారము గల యెఱ్ఱని పెట్టెను విడుదల చేసినప్పటినుండి యీ విద్య యిండ్లలోనికి వచ్చినది.

లెక్కించు మార్గములు రెండు. మన వంటయింటి భాషలో జెప్పెదను. పొరుగింటివారి పులుసు మన యింట రావలెనన్నచో, ఏ దినుసు లెంతెంత వేసిరో, ఏది ముందు ఏది వెనుక వేసిరో తెలిసికొని వండుట యొక మార్గము; ఆంప్లిఫయరులోని యొక్కొక్క భాగమును లెక్కలో నిలుపుట యట్టిది. దినుసుల నడుగక, వారి పులుసును మన పులుసును మాటిమాటికి రుచిచూచుచు, భేదము పోవువఱకు సరిదిద్దుకొనుట రెండవ మార్గము. తెలిసిన ధ్వనులను నిజమైన ఆంప్లిఫయరులోనికి బంపి, వెలుపలికి వచ్చినదానితో పోల్చిచూచి నేర్చుకొను యంత్రములు ఇట్టివి. స్పీకరుపెట్టె గుణమును పట్టుట మఱియు సులభము. కుండ కొనునప్పుడు వ్రేలితో గొట్టి దాని మంచిచెడ్డలు తెలిసికొందుము గదా! అట్లే స్పీకరులోనికి మిక్కిలి చిన్న టక్కుమను ధ్వనిని బంపి, అది పలికిన తీరును పదిలపఱచినచో, ఆ పెట్టె యే ధ్వనికి నెట్లు పలుకునో గణితము చెప్పగలదు. ఇది గారడి కాదు, మంచి శాస్త్రము. కుఱ్ఱవాడు దీనిపై మనసుపడుటలో తప్పేమియు లేదు.

ఇక వాడు మెచ్చిన బ్రయన్ మే కథ తల్లులు వినదగినది. ఈయన 1970లో లండనులో నేర్పడిన క్వీన్ అను బృందమునందలి గిటారు వాద్యకారుడు. చిన్ననాట మంచి గిటారు కొనుటకు ఇంట సొమ్ము చాలలేదు. తండ్రి విద్యుత్సాధనముల పని తెలిసిన ఇంజనీరు. తండ్రికొడుకులు కూడి 1963లో మొదలుపెట్టి రెండేండ్లకు దగ్గఱగా శ్రమించి ఇంటనే గిటారు చేసిరి. పాత చలిమంటగూటి కొయ్య దాని మెడయైనది. పాత మోటారుసైకిలు స్ప్రింగులు తంతులను వంచు సాధనములో నమరినవి. ఆ సాధనపు కడ్డీకొన అల్లికసూది ముక్క. మెట్లనడుమ గుర్తులుగా బొదిగినవి తల్లిగారి కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప బొత్తాములు! లోకమంతయు విన్న యా గిటారున ఒక తల్లి బొత్తాములు నేటికిని మెఱయుచున్నవి. ఆయన చదువు మాననూ లేదు. నడుమ విడిచిన ఖగోళభౌతికశాస్త్ర పరిశోధనను మరల చేపట్టి 2007లో డాక్టరు పట్టము పొందెను.

ఆయన పలుకునకు మార్గమిది. వాక్స్ సంస్థవారి ఏసీ థర్టీ యను వాల్వు ఆంప్లిఫయరు. దానికి ముందు తారధ్వనులను హెచ్చించు చిన్న సాధనము. ఆంప్లిఫయరును నిండుగా దెఱచి, గిటారుమీది బిళ్లను త్రిప్పుచు బలమును హెచ్చించుట, తగ్గించుట. మీటుటకు ప్లాస్టిక్ పలుకకు మాఱుగా ఇంగ్లండు వారి ఆఱుపెన్నీల నాణెము. దాని యంచునందలి గీట్లు తంతిని ఒరయుటచే ప్రతి స్వరము మొదటను సన్నని గరుకు వినబడును. మోడలరులో ఏసీ థర్టీ నమూనా దొరకును. తారధ్వని హెచ్చించు సాధనపు నమూనాయు దొరకును. నాణెము దొరకదు. దానిని పట్టిన వ్రేళ్లు దొరకవు. తంతిని ఎంత మెత్తగా మీటవలెనో, ఎక్కడ మీటవలెనో, ఎప్పుడు మీటక యూరకుండవలెనో, అది పెట్టెలోనికి రాకముందే జరుగు పని.

మామిడితోటల వారికి ఈ సంగతి సులభముగా దెలియును. టెంక నాటి పెంచిన చెట్టు తల్లిచెట్టు కాయనే కాయునని నమ్మకము లేదు గావున, చిన్నరసము కావలెనన్నచో అంటు గట్టుదుము. అంటు తల్లిచెట్టునకు నిజమైన ప్రతియే. అయినను నేల, నీరు, పెంచినవాని శ్రద్ధ తోడుకాక కాయకు రుచి రాదు. మోడలరు మంచి యంటుమొక్క. నేల కుఱ్ఱవాని చేయి.

ఇప్పుడు వీణ మాట. నూజివీడు 2022లో ఏలూరు జిల్లాలో జేరువఱకు కృష్ణాజిల్లాలోనిది. రసములతోపాటు వీణలకును పేరొందిన యూరు. ఇచ్చట పనసకొయ్యతో వీణలు చేయు ముస్లిం కుటుంబములు కలవు. సరస్వతీదేవి చేతి వాద్యము వారి చేతులలో రూపొందుచుండుట మా యూరికి గర్వకారణము. పనసదుంగను తొలిచి కుండను పలుచన చేయునప్పుడు, ఎంతవఱకు తొలువవలెనో చెవియే చెప్పవలెను. దండిపై మైనముతో ఇరువదినాలుగు మెట్లను నిలుపుదురు. నాలుగు వాయింపు తంతులు, మూడు తాళపు తంతులు. మెట్ల మైనము ఎండకు మెత్తబడును గావున కొన్నియేండ్లకొకసారి మేళము కట్టించుకొనవలసియే యుండును. అటకమీద నున్న వీణ యపశ్రుతి పలికిన నది చెడిపోయినదని యనుకొనరాదు. తఱచుగా అది మేళము సడలుటయే.

వీణయందు గుఱ్ఱముపై నమర్చిన యిత్తడిపలక సమముగా నుండక మెల్లగా వంగియుండును. దీని రహస్యమును సర్ సి. వి. రామన్‌గారు 1921లో ప్రకటించిరి. తంతిని ఏ బిందువున మీటుదుమో, ఆ బిందువున నిశ్చలముగా నుండవలసిన యనుస్వరములు పలుకరాదని ఐరోపా శాస్త్రజ్ఞుల సూత్రము. తంబురయందును, వీణయందును ఆ యనుస్వరములును వినబడుటను వారు గమనించిరి. తంతి కదలునప్పుడు ఆ వంపుమీద ఒకమాఱు ఆనుచు, ఒకమాఱు లేచుచు నుండుటయే దీనికి కారణము. ఏ శాస్త్రగ్రంథమును చూడక మన పనివారు ఆ వంపును ఆకురాయితో తీర్చుచు వచ్చిరి. ఈ వాద్యమునే హోటలువారు పూలకుండీ ప్రక్కన నిలబెట్టగోరినది!

అట్లని వీణకు యంత్రము అంటరానిదని నేననను. శ్రుతిపెట్టె నేడు ఎన్ని యిండ్లలో తంబురకు బదులు మ్రోగుటలేదు? కచేరీలలో వీణకు అతికించు మైక్రోఫోను లేనిచో వెనుక వరుసవారికి వినబడుట కష్టము. ఒక చోట నతికించిన మైక్రోఫోను ఆ చోటి కంపనమునే వినును గాని కుండయంతయు పలుకు పలుకు దానికి జిక్కదు. ఇందుకే మన యింజనీరుబాబు విద్య పనికి వచ్చును. నాయనమ్మ వీణకుండపై మెత్తగా గొట్టి, ఎదుట నుంచిన మంచి మైక్రోఫోనుతో ఆ ధ్వనిని పట్టి, స్పీకరుపెట్టెకు జేసినట్లే దీని గుణమును లెక్కలో జేర్చుకొనవచ్చును. ఆంప్లిఫయరు నమూనాలు వేనవేలుగ దొరకును. ఆ యింటి పనసకుండ నమూనా ఇంకెవ్వరివద్దను లేదు.

నాదము చేతిలో నున్నదనుటకు మన వైణికులే సాక్షులు. ద్రాక్షారామమున 1922లో జన్మించిన ఈమని శంకరశాస్త్రిగారి శిష్యులు కాకినాడయందు 1936లో జన్మించిన చిట్టిబాబుగారు. గురువొకరు, శిష్యుడొకరు, వాద్యమొక్కటియే. అయినను వీరి రికార్డులు వరుసగా విన్నచో ఏది యెవరిదో చిన్నపిల్లలును చెప్పగలరు. చిట్టిబాబుగారి "కొమ్మలో కోయిల"యందు వీణ కోయిలవలె కూయును. ఆ కూతను పలికించినది తంతిని ప్రక్కకు లాగిన వ్రేలు. బ్రయన్ మే అభిమాని దీనిని తప్పక వినవలెను. తంతిని వంచి పలికించుట తాను గిటారున నేర్చుకొనుచున్న విద్యయే యని వానికి దెలియును.

ఇక సోదరి ప్రశ్నకు నా యుత్తరము.

వీణ నమ్మవలదు. యంత్రమునకు సొమ్ము చాలదను చింతయు వలదు. స్టీవెన్ ఆట్కిన్సన్ అను నాయన రచించిన న్యూరల్ ఆంప్ మోడలర్ అను సాఫ్ట్‌వేరు ఉచితముగా లభించుచున్నది. చదువునకై కొన్న కంప్యూటరు కుఱ్ఱవానివద్ద నుండియే యుండును. గిటారును దానికి గలుపు చిన్న సాధన మొకటి కొనిన జాలును. ఆఱునెలలు దానితో సాధన చేయుమనుడు. ఆ పిమ్మటను పెద్ద యంత్రము కావలెనని తోచినచో, తాను సంపాదించునాడు కొనుక్కొనును.

"మీ యిష్టము" అను మాటను గూర్చి. మన యిండ్లలో పెద్ద స్త్రీలు కాదనలేనప్పుడు పలుకు మాట యిదియే. అవునన్నవారు లోనికి బోరు. ఎంత యిచ్చెదరని యడుగుదురు. అమ్మా, మీ యత్తగారిని మరల నేమియు నడుగకుడు. వీణను అటకనుండి దింపించి, నూజివీటి పనివారిచేత మేళము కట్టించి, తంతులు మార్పించి, ఆమె యెదుట నుంచుడు. కీళ్లనొప్పులవలన ఒక్క సరళీస్వరమే వాయింపగలిగినను మేలే. మనుమడు ప్రక్కన గూర్చుండి ఆ చేతి పలుకును రికార్డు చేయవలెను. బ్రయన్ మే వాయించినది వేయి రికార్డులలో భద్రముగా నున్నది. ఆమె వాయించినది ఎక్కడను లేదు. దానిని పట్టుటకు వ్యవధి యెంత మిగిలినదో మనలో నెవ్వరు చెప్పగలరు?

ఇంట వీణ గల సోదరీమణులకు నాలుగు మాటలు. వీణను అటకమీద, కిటికీ యెండలో, గోడచెమ్మ తగులుచోట నుంచకుడు. మెత్తని గుడ్డగలీబు తొడిగి, కుండకు దెబ్బ తగులనిచోట చాపమీద బెట్టుడు. తుప్పుపట్టిన తంతులు తెగువఱకు వేచియుండకుడు. మేళము సడలినచో మీరే మైనము కరిగింప బూనక, పని తెలిసినవారికి జూపుడు. ఒక్క వీణ బాగుచేయించినను ఒక పనివాని యింట పొయ్యి వెలుగును. ఇవి యెల్ల చేసిన పిమ్మట వారమున కొక్కమాఱైనను ఎవ్వరైన దానిని మీటవలెను. వాయించువా రున్నంతవఱకే అది వీణ.