నట్టు ఊడినా జాయింట్ ఊడదు

స్పేర్ పార్టు డబ్బా మీద అచ్చేసిన ధరను మనం నోరెత్తకుండా ఇచ్చేస్తాం. అదే పార్టును బిగించిన చేతికి ఇంత ఇవ్వాలి అనగానే నోరు లేస్తుంది. "పది నిమిషాల పనికి 600 ఏంది భాయ్?" అంటాం. చేతి మీద ఎమ్మార్పీ ముద్ర ఉండదు కదా, అందుకే అంత ధైర్యం. నా రాయ్ ఏమిటంటే, ఇట్లా బేరం చేసే ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు తమ బండికి టై రాడ్ ఎండ్‌ను ఒక్కసారైనా సొంత చేతులతో విప్పి చూడాలి. చూశాక కూడా బేరం ఆడగలిగితే అప్పుడు ఆడండి, నేనేమీ అనను.

టై రాడ్ ఎండ్ అంటే తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. స్టీరింగ్ తిప్పితే లోపల ర్యాకు అటూ ఇటూ జరుగుతుంది. ర్యాకు రెండు చివర్ల నుంచి రెండు కడ్డీలు ముందు చక్రాల దాకా పోతాయి. ఆ కడ్డీ చివర చిన్న గిన్నెలో తిరిగే ఉక్కు గుండు ఉంటుంది, దాన్నుంచి ఒక మొలక బయటికి వస్తుంది. చక్రాన్ని మోసే నకల్‌కు ఒక చెవి ఉంటుంది. మొలక ఆ చెవిలో దూరి, అవతలివైపు నట్టుతో బిగుస్తుంది. నట్టు వదులు కాకుండా అడ్డంగా స్ప్లిట్ పిన్. పైన గ్రీజు పోకుండా, నీళ్లు రాకుండా రబ్బరు టోపీ. మొత్తం కలిపితే అరచేతిలో పట్టే సామాను. ఖుదా నఖాస్తా అది నడిరోడ్డు మీద ఊడిందంటే స్టీరింగ్ మీ చేతిలోనే ఉంటుంది, ఆ చక్రం మాత్రం మీ మాట వినదు.

తమాషా అంతా ఆ మొలక ఆకారంలో ఉంది. అది ఒక కొసన లావుగా, ఇంకో కొసన సన్నగా ఉంటుంది. చెవిలోని రంధ్రం కూడా సరిగ్గా అదే వాలులో ఉంటుంది. నట్టు బిగించేకొద్దీ మొలక ఇంకా లోపలికి దిగి చెవిని కరుచుకుంటుంది. ఇంట్లో స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కోవడం మీ అందరికీ తెలుసు. అమ్మీ ఏం చేసేది? పట్టుకుని లాగేది కాదు. బయటి గ్లాసును వేడి నీళ్లలో పెట్టేది, లేకపోతే అంచు మీద పక్కనుంచి తట్టేది. ఇక్కడా ఇరుక్కోవడం అదే రకం. నట్టు దాన్ని లోపలికి లాగడానికే ఉంది. నట్టు తీసేసినంత మాత్రాన కరుచుకున్న పట్టు వదలదు. ఏళ్ల తరబడి జంగు పట్టిందంటే ఇక చెప్పనే అక్కర్లేదు.

మన ఇలాకాలో జంగుకు కొదవ లేదు. హుస్సేన్ సాగర్ నుంచి వచ్చే నాలా దోమలగూడ, అశోక్ నగర్ మీదుగా పోతుంది. 2000 ఆగస్టులో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడ్డప్పుడు ఇటువైపు ఇళ్లల్లోకి నీళ్లు ఎట్లా వచ్చాయో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. 2020 అక్టోబరు పిల్లలకు కూడా గుర్తుంది. ఇక మామూలు వానాకాలాల్లో చక్రం సగం మునిగేదాకా నీళ్లలో నిలబడ్డ బండ్లకు లెక్కే లేదు. రబ్బరు టోపీకి చిన్న చీలిక ఉంటే చాలు, నీళ్లు లోపలికి చేరతాయి. దానికి తోడు రోడ్లు. మెట్రో చిక్కడపల్లి, నారాయణగూడ మీదుగా 2020 ఫిబ్రవరిలో నడిచింది, ఇందిరా పార్కు నుంచి వీఎస్‌టీ దాకా స్టీల్ బ్రిడ్జి 2023 ఆగస్టులో తెరిచారు. మంచిదే. కానీ అవి కట్టినన్నాళ్లూ కింద గుంతల్లో తిరిగిన బండ్ల జాయింట్లు ఏమయ్యాయో మెకానిక్కులను అడగండి.

మా దుల్హా భాయ్ దగ్గర ఇంకా మారుతీ 800 ఉంది. 1983లో మొదలై 2014లో తయారీ ఆగిపోయిన బండి. అమ్మీని వారానికి రెండుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లేది అదే, కాబట్టి ఇంట్లో దానికి అల్లుడికి ఉన్నంత ఇజ్జత్ ఉంది. ఈ మధ్య స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా ముందునుంచి టక్ టక్ అని ఆవాజ్. జాకీ మీద లేపి టైరును ఎడమ అంచూ కుడి అంచూ పట్టుకుని ఊపితే లూజు చేతికే తెలిసింది. ఒక ఇత్వార్ పొద్దున చిక్కడపల్లి గల్లీలోనే పని మొదలుపెట్టారు. నేను పానాలు అందించే ఉద్యోగంలో ఉన్నాను.

పనిచేసినవాడు మా భాంజా. మెకానికల్ ఇంజనీరింగ్ పాసయ్యాడు. అశోక్ నగర్‌లో గ్రూప్-1 చదువుతున్నాడు. 2022లో 503 పోస్టులతో వచ్చిన నోటిఫికేషన్ ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయి, 2024లో 563 పోస్టులతో మళ్లీ వచ్చిన సంగతి మీకు తెలుసు. ఆ రెండేళ్లూ నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ కోసం తెల్లవారక ముందే లేచిన పిల్లల్లో వాడొకడు. సబర్‌కు ఇమ్తిహాన్ పెడితే అశోక్ నగర్ పిల్లలకు ఫస్ట్ ర్యాంకు రావాలి. సరే, వాడికి ఆ మొలక వాలు గురించి పుస్తకంలో తెలుసు. స్ప్లిట్ పిన్ తీశాడు, నట్టు తీశాడు, జాయింట్ కదల్లేదు. కిరోసిన్ పోశాడు, కదల్లేదు. జిద్దు పట్టి మొలక కొస మీద హతోడాతో కొట్టబోయాడు. దుల్హా భాయ్ చెయ్యి పట్టుకుని ఆపారు. అక్కడ కొడితే చుట్లు చితికి పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, ఇక నట్టు ఎక్కదు, మొలక దిగదు.

ఇంక నారాయణగూడ వైపు షెడ్డు ఉన్న ఉస్తాద్‌కు ఫోన్ చేశారు. ఆయన వచ్చి చేసిన మొదటి పని, తీసేసిన నట్టును మళ్లీ ఎక్కించడం. పూర్తిగా బిగించలేదు, మొలక కొసతో సమానంగా ఉండేలా తిప్పి వదిలేశారు. భాంజా మొహం చూడాలి! తర్వాత వైర్ బ్రష్‌తో నకల్ చెవి శుభ్రం చేశారు. ఒక బరువైన హతోడాను చెవికి ఒక పక్కన ఆనించి భాంజాతో పట్టించారు. ఇంకో రెండు కిలోల దానితో అవతలి పక్కనుంచి చెవి మీద కొట్టారు. జాయింట్ మీద కాదు, మొలక మీద కాదు, దాన్ని పట్టుకుని ఉన్న చెవి మీద. మూడు దెబ్బలు. నాలుగో దెబ్బకు ఆవాజ్ మారింది. జాయింట్ నట్టు మీదికి జారి ఆగింది. నట్టు లేకపోతే కడ్డీ ఎగిరి పక్కనున్నవాడి చేతికి తగిలేది, అందుకే దాన్ని ఎక్కించారు.

దెబ్బ తగిలిన ఆ క్షణంలో చెవి రంధ్రం వెంట్రుకవాసి సాగి గుండ్రం తప్పుతుంది. ఆ రెప్పపాటులో మొలక పట్టు వదులుతుంది. అవతల ఆనించిన హతోడా లేకపోతే దెబ్బ బలమంతా కడ్డీ ఊగడంలోనే పోతుంది. ఇదంతా భాంజాకే తర్వాత అర్థమై నాకు చెప్పాడు. ఉస్తాద్‌ను అడిగితే "దెబ్బ ఎక్కడ వెయ్యాలో చెవే చెప్తది బేటా" అన్నారు, అంతే.

రెండు వైపులా పాతవి విప్పి కొత్తవి బిగించినందుకు ఆయన 600 అడిగారు. దుల్హా భాయ్ మంచి మనిషి, మస్జిదు చందా అడక్కుండానే ఇచ్చే మనిషి. ఆయన నోట వచ్చింది "300 తీసుకో ఉస్తాద్, గంట కూడా పట్టలేదు." ఆ మాట వినే ఈ పోస్టు రాస్తున్నాను. తెలియనివాడు చేస్తే పొద్దుగూకేదాకా పట్టే పని గంటలో అయ్యింది, అందుకని సగం డబ్బా? హిసాబ్ తలకిందులైంది. నెమ్మదిగా చేసేవాడికి ఎక్కువ, వచ్చినవాడికి తక్కువ అన్నట్టు. మజూరీ మీద ఉన్న హదీసును మనం ఎన్ని జుమాల్లో విన్నాం? విని ఇంటికి వచ్చి గేటు ముందే మరిచిపోతే ఎట్లా? దుల్హా భాయ్ చివరికి 600 ఇచ్చారనుకోండి, ఆపా లోపలినుంచి ఒక చూపు చూశాక.

చాయ్ తాగుతూ ఉస్తాద్ ఒక మాట అన్నారు. ఆయన ఇద్దరు కొడుకుల్లో ఒక్కరూ షెడ్డుకు రారట. "నేనే రావొద్దన్నా" అన్నారు. నేను ఆయనను తప్పుపట్టను. ఆ పనిలో పీఎఫ్ లేదు, సెలవు లేదు, యాభై దాటేసరికి నడుము పోతుంది. షాగిర్ద్‌గా చేరాలంటే చదువు మానెయ్యాలనే పాత పద్ధతి పోయి మంచే జరిగింది. పద్నాలుగేళ్లు నిండని పిల్లాడిని "ఛోటూ" అని పిలిచి గ్రీజులో ముంచడం చట్టం ఒప్పుకోదు, మనమూ ఒప్పుకోవద్దు. కానీ ఆయన కొడుకులను ఆపింది కష్టం ఒక్కటే అయితే నాకింత బాధ ఉండేది కాదు. రిష్తాలు వచ్చినప్పుడు మన ఖాందాన్లలో ఏమంటారో తెలుసు కదా. "అబ్బాయి మెకానిక్" అనరు, "ఆటోమొబైల్ లైన్‌లో ఉన్నాడు" అంటారు. ఇరవై వేల జీతానికి ఏసీ గదిలో కూర్చునేవాడు ఇంజనీరు, ఇద్దరికి పని ఇచ్చే ఉస్తాద్ మాత్రం దాచిపెట్టాల్సిన మామూ.

మన మొహల్లా పేరే చూడండి. క్రాస్ రోడ్స్ అనగానే సినిమా హాళ్లు గుర్తొస్తాయి గానీ దాని ముందున్నది ఆర్టీసీ. నిజాం రైల్వే 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టిన సర్వీసు అది. ఆ బస్సులను విప్పి బిగించడం నేర్చుకున్నవాళ్లు, వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు, అట్లా చేతినుంచి చేతికి వచ్చింది ఈ హునర్. దానికి సర్టిఫికెట్ లేదు కాబట్టి లేనట్టే లెక్క.

భాంజాను గ్రూప్-1 మానెయ్యమని నేను చెప్పను. వాడు పాసు కావాలి, ఆపా దువా కూడా అదే. రేపు ఆఫీసరై మజూరీ రేట్ల ఫైలు వాడి బల్ల మీదికి వస్తే, ఆ నాలుగో దెబ్బ ఆవాజ్ వాడికి గుర్తుండాలి. ఇంటి ముందు బండి విప్పుకోవాలని నేను అనేది ఇందుకే. డబ్బు మిగులుతుందని కాదు.

విప్పేవాళ్లకు నా తరఫున నాలుగు ముక్కలు. జాకీని ఒక్కదాన్నే నమ్మొద్దు, కింద స్టాండు పెట్టండి, ఇటుకలు అసలే వద్దు. రెండు పళ్ల ఫోర్కు కొట్టి విడదీసే పద్ధతి ఉంది గానీ అది రబ్బరు టోపీని చింపేస్తుంది. జాయింట్ ఎట్లాగూ పారేసేదైతేనే అది వాడండి. పుల్లర్ అన్నిటికన్నా మర్యాదస్తుడు, రాణిగంజ్‌లో దొరుకుతుంది. కొన్ని కొత్త బండ్లకు నకల్ అల్యూమినియంది ఉంటుంది, దాన్ని హతోడాతో కొట్టొద్దు, పుల్లరే. గ్యాసు మంట పెట్టి కాల్చమని చెప్పేవాళ్లూ ఉంటారు. గ్రీజు, రబ్బరు పక్కనే ఉన్న చోట, అదీ స్టీరింగ్ మోసే ఇనుముకు, నేనైతే ఒప్పుకోను. పాతది కడ్డీ నుంచి తిప్పి తీసేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, కొత్తది అన్నే చుట్లు ఎక్కించండి. అయినా అలైన్‌మెంట్ చేయించాల్సిందే, లేకపోతే టైర్లు ఒక పక్క అరిగిపోతాయి. అక్కడ కంప్యూటర్ బిల్లు చూసి ఎవరూ బేరం చెయ్యరు, గమనించారా?

ఇక స్ప్లిట్ పిన్. పాతది వంచి మళ్లీ వెయ్యొద్దు. నట్టు గాడీ, మొలక రంధ్రం ఎదురెదురుగా రాకపోతే నట్టును కొంచెం ముందుకు బిగించండి, వెనక్కి వదులు చెయ్యొద్దు. బిగించిన తర్వాత ఆ ఉస్తాద్‌నే పిలిచి ఒకసారి చూపించండి. చూసినందుకు కూడా ఆయన అడిగినంత ఇచ్చి పంపండి.