మీటరు తాళము చెవి యెవరిది?

ఏ.ఎస్. రావు నగరులో ప్రతి యింటి గోడమీదను నొక చిన్న పెట్టె యున్నది. నెల కొకమారు యంత్రమును చేతబట్టి యొక మనిషి వచ్చును, పెట్టెవంక చూచును, చీటి చింపి యిచ్చి పోవును. గృహస్థునకును విద్యుత్పంపిణీ సంస్థకును గల సంబంధమంతయు నా చీటితో సరి. ఈ పెట్టెను తీసి, దూరమునుండియే లెక్క తీయుటకును, దూరమునుండియే యింటి దీప మార్పుటకును వీలైన స్మార్టు మీటరును దేశమంతట బిగింపవలెనని కేంద్ర ప్రభుత్వము 2021లో నొక పథకమును ప్రకటించినది. 2025 మార్చి నాటికి 25 కోట్ల మీటర్లు, అవియు ముందు సొమ్ము కట్టి పిమ్మట కరెంటు వాడుకొనునట్టి ప్రీపెయిడు మీటర్లు, బిగింపవలెనని లక్ష్యము. గడువు దాటినది, లక్ష్యము చాల దూరముననే నిలిచినది, సంకల్పము మాత్రము విడువలేదు.

ఈ పేట సామాన్యమైన పేట గాదు. దీనికి పేరైన అయ్యగారి సాంబశివరావుగారు 1967లో వెలసిన ఎలక్ట్రానిక్సు కార్పొరేషనునకు మూలపురుషులు. ఆ కర్మాగారపు ఉద్యోగులతో పెరిగిన పేట యిది. మొన్న నొక సాయంకాలము పఠనమందిరము మెట్లమీద నీ మీటర్ల ప్రసంగము రాగా, అచ్చట పనిచేసి విశ్రాంతి గొన్న వృద్ధు డొకరు, "ఏమండీ ప్లీడరుగారూ, లెక్కపెట్టే యంత్రాలు మాకు కొత్తా? ఓట్ల మిషన్లే చేశాం. యంత్రానికి భయపడం. దాని తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో అది చెప్పండి" అని యడిగిరి. మేము నాలుగు దినములుగా నాలోచించుచున్నది ఆ ప్రశ్ననే.

ముందుగా నిజము చెప్పవలెను. స్మార్టు మీటరువలన మేలు లేకపోలేదు. 2022-23లో తెలంగాణమున నిర్ణయమైన గృహ ధరలను చూడుడు. నెలకు 200 యూనిట్లు వాడినవానికి మొదటి నూరు 3 రూపాయల 40 పైసల చొప్పునను, రెండవ నూరు 4 రూపాయల 80 పైసల చొప్పునను, వెరసి 820 రూపాయలు. ఒక్క యూనిట్టు మించి 201 వాడినచో నా మొదటి 200 యూనిట్లును 5 రూపాయల 10 పైసల శ్రేణికి పోవును. 201వ యూనిట్టు 7 రూపాయల 70 పైసలు. వెరసి 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్టు ఖరీదు 207 రూపాయల పైచిలుకు! 2024 మార్చి నుండి తెల్లకార్డు కుటుంబములకు 200 యూనిట్ల వర కుచితమని ప్రభుత్వము గృహజ్యోతి పథకమును పెట్టిన పిమ్మట బీదవాని కీ సరిహద్దు మరింత ప్రాణప్రదమైనది. ఆ గీత నే దినమున దాటుచున్నాడో గృహస్థునకు నేడు తెలియదు. చీటి వచ్చిన పిమ్మట విచారించుటయే. అనుదినము లెక్క చూపు మీటరుండిన నింటి యిల్లాలు నెలాఖరు వారమున గీజరు కట్టివేయును. ఈ మేలును కాదనువారము కాము.

కాని చట్టమును చదువుకొన్నవారమగుటచే మరియొక ప్రక్కను గూడ చూడక తప్పదు. 2003 నాటి విద్యుచ్ఛాసనము 56వ సెక్షనున గృహస్థునకు రెండు రక్షణలు కలవు. బాకీకై తీగ కోయుటకు ముందు పూర్తిగా 15 దినముల వ్రాతమూలకమైన నోటీసు నీయవలెను. బిల్లుపై తగవున్నచో, నడిగిన సొమ్మునుగాని, గడచిన ఆరు నెలల సగటునుగాని, ఏది తక్కువైన దానిని నిరసనతో కట్టినచో, తగవు తేలువరకు తీగ కోయరాదు. ప్రీపెయిడు మీటరున నీ రక్షణ లెచ్చట నిలుచును? నిలువ సొమ్ము తరిగిన క్షణమున యంత్రమే వాది, యంత్రమే న్యాయాధిపతి, యంత్రమే జవాను. డిపాజిట్టు కట్టనక్కర లేదని 47వ సెక్షను చెప్పుచున్న మాట నిజమే. కాని డిపాజిట్టుకు ప్రతిగా నోటీసును విక్రయించుట మంచి బేరము కాదు.

2023లో సవరించిన వినియోగదారుల హక్కుల నియమములును గమనింపదగినవి. పగలు, ఎండవేళ, ధర తగ్గును. గిరాకి యధికముగ నుండు వేళ కనీసము పదియవ వంతు పెరుగును. స్మార్టు మీటరు బిగించినంతనే గృహములకును నిది వర్తించునని కలదు. పగ లింటనుండి బట్టల యంత్రము త్రిప్పుకొనగలవారికి లాభము. ఉదయము తాళము వేసి భార్యాభర్త లిరువురును కొలువునకు పోయి దీపాలవేళకు తిరిగి వచ్చు సంసారమునకు లాభ మేమి?

ఇక స్వేచ్ఛ సంగతి. మీటరు మార్చుదురు, మరి సరఫరాదారుని మార్చుకొను హక్కు నిత్తురా? బొంబాయి శివారులలో 2008 నాటి సుప్రీంకోర్టు తీర్పు పిమ్మట, 2009 నుండి గృహస్థు డొక కంపెనీని విడిచి టాటా కంపెనీకి మారగలిగెను. తీగ పాతదే, బిల్లు క్రొత్తది. పిదప మారినవారిమీద నదనపు రుసుములు పడెను. మన కా భాగ్యమును లేదు. 100 కిలోవాట్ల పైబడిన కర్మాగారములు 2022 నియమముల ప్రకారము హరిత విద్యుత్తును కోరినచోట కొనుక్కొనవచ్చును. రెండు ఫ్యానులు, ఒక ఫ్రిజ్జి గలవాడు పంపిణీ సంస్థనే నమ్ముకొనవలెను. ఒకే తీగపై పలువురు సరఫరా చేయవచ్చునని 2022 ఆగస్టులో లోకసభకు వచ్చిన బిల్లు చట్టము గాలేదు. 2025 అక్టోబరున అట్టి ముసాయిదాయే మరల వెలువడినది.

సరఫరాదారులు పలువురైనంతమాత్రమున కష్టములు తీరునని యెవ్వరును భ్రమపడవలదు. ఇంగ్లండున గృహస్థున కీ హక్కు ఇరువదియైదేండ్లకు పైబడి కలదు. 2021లో గ్యాసు ధర లాకాశమంటగా నచ్చట నిరువదికి పైగా కంపెనీలు దివాలా తీసెను. కంపెనీ మారినంతనే మొదటి తరపు స్మార్టు మీటర్లు పలుచోట్ల మూగపోయి, జనులు మరల చేతితో రీడింగు వ్రాసుకొనవలసి వచ్చెను. బాకీదారుల యిండ్ల బలవంతముగ ప్రీపెయిడు మీటర్లు పెట్టు తీరు బయటపడగా 2023 ఫిబ్రవరిలో దానిని నిలుపవలసి వచ్చినది. చలికాలమున ఇల్లు చల్లబడుటయే యచ్చటి శిక్ష. మన మేనెలలో ఫ్యాను నిలుచుట యంతకు తీసిపోదు. పైగా మన దేశమున ఎక్కువ వాడువాని సొమ్ముతో తక్కువ వాడువాని ధర తగ్గుచున్నది. ధనికు లందరును క్రొత్త కంపెనీలకు తరలి, బీదలును రైతులును పాత సంస్థ నెత్తిన మిగిలినచో నా భార మెవరు మోయుదురు? ముసాయిదా వ్రాసినవారు దీనికి తృప్తికరమైన సమాధాన మీయలేదని మా యభిప్రాయము.

విద్యుత్తు విషయమున నీ నగరమున కొక జ్ఞాపకము కలదు. 2000 ఆగస్టు 28న బషీరుబాగున ధరల పెంపును ప్రతిఘటించిన జనులపై కాల్పులు జరిగెను, ప్రాణములు పోయెను. సంస్కరణ మనుమాట వినినపుడు హైదరాబాదు గృహస్థుడు ముందు జేబును తడవికొనుటకు కారణము కలదు.

మే మడుగున దిది. గృహస్థుని వ్రాతమూలకమైన యంగీకారము లేక ప్రీపెయిడు పద్ధతి పెట్టరాదు. స్మార్టు మీటరు పెట్టినను బిల్లు వెనుక కట్టు పద్ధతి నుంచవలెను. రాత్రివేళను, సెలవు దినమునను దీప మార్పరాదు. ఏ కంపెనీకి మారినను పనిచేయు మీటరే బిగింపవలెను. రీడింగుపై ఫిర్యాదు చేసినచో 5 దినములలో ప్రక్కన రెండవ మీటరు పెట్టి మూడు నెలలు సరిచూడవలెనని 2024 నియమములలో నున్నది. అది ప్రతి బిల్లు వెనుకను తెలుగున నచ్చొత్తింపవలెను. ఓట్ల యంత్రమునకు కాగితపు చీటి జతచేయుటకు దేశము కొన్నియేండ్లు వాదింపవలసి వచ్చినది. యింటి మీటరునకు నట్టి సాక్ష్యము మొదటినుండియే యుండనిండు.

పంపిణీ సంస్థలు తమ ఆదాయవ్యయముల లెక్కలను నియంత్రణ మండలియెదుట పెట్టినపుడు, అభ్యంతరములు కోరుచు పత్రికలలో ప్రకటన పడును. బహిరంగ విచారణయు జరుగును. కాప్రా, మల్కాజిగిరి, ఏ.ఎస్. రావు నగరుల కాలనీ సంఘములవా రా ప్రకటన పడిన వారమే కూడి అభ్యంతరములను వ్రాయవలెనని కోరుచున్నాము. ముసాయిదా వ్రాయుట కెవరికైన సాయము కావలసినచో మా కార్యాలయమునకు రావచ్చును, రుసుము లేదు.